రేపటి నుంచి ఇంట్లోనే వర్కౌట్: స్వేదసంజీవనీ వ్యాఖ్యా సహితం

మూలం

"రేపటి నుంచి ఇంట్లోనే వర్కౌట్. 21 రోజులు. నో ఎక్స్‌క్యూజెస్. అందరికీ ఉన్నది 24 గంటలే!"

అవతారిక

మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘానికి కార్యదర్శీ, నాలుగో అంతస్తుకు అలంకారమూ అయిన ఒక మహనీయుడు, నడుము పెరిగిన వార్త పాత ప్యాంటు ద్వారా తెలుసుకున్నవాడై, అద్దం ముందు కండ బిగించి ఫొటో తీసుకుని, లోకానుగ్రహం కోరి పై మహావాక్యాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో అవతరింపజేశారు. వెంటనే చప్పట్ల బొమ్మలు కురిశాయి. వాటర్ ట్యాంకర్ డబ్బులు ఎవరిస్తారని అంతకుముందే ఎవరో అడిగిన ప్రశ్న ఆ వానలో కొట్టుకుపోయింది.

ఇంత చిన్న మూలానికి వ్యాఖ్య ఎందుకంటారా? చెడ్డ వ్యాఖ్యానాల విషానికి కాళిదాసు మాట మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే సంజీవని రాస్తున్నానని మల్లినాథసూరి చెప్పుకున్నాడు. మన మెదక్ జిల్లా కొల్చారం వంశమే ఆయనది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగం మేమూ పాటిస్తాం.

టీక

వర్కౌట్: స్పష్టం. కష్టమైన చోటే వ్యాఖ్యాతలు ఈ మాట రాసి తప్పుకుంటారని ఒక అపవాదు ఉంది. ఇక్కడ నిజంగానే స్పష్టం.

రేపటి నుంచి: ఇది తార్కికుల సొత్తు. కుండ పుట్టకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, తుది ఉంది. కుండ పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, తుది లేదు. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. "రేపటి నుంచి" అన్నవాడి వ్యాయామం ఇవాళ ప్రాగభావంలో ఉంటుంది. ఎల్లుండి పిక్కలు పట్టేసి ప్రధ్వంసాభావంలోకి దిగుతుంది. మొదటిరోజే వాన పడితే అత్యంతాభావమే. ఇంతవరకూ శాస్త్రం. లోకానుభవమూ ఇదే. మేమూ ఇదే ఆశించాం. కానీ ఈసారి కార్యదర్శిగారు మానలేదు. వ్యాఖ్య రాయాల్సిన అగత్యం అక్కడే పుట్టింది.

21 రోజులు: పాఠాంతరాలున్నాయి. నిరుటి జనవరి ప్రతిలో "90 రోజులు" అని ఉంది. ముందటేడు ప్రతిలో "100 రోజులు". అంకె దిగుతూ వచ్చింది గనక ఇది అర్వాచీన పాఠమని మా నిర్ణయం. ఈ 21 ఎక్కడిది? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో 'సైకో సైబర్నెటిక్స్' అని ఒక పుస్తకం వేశాడు. ఆపరేషనయ్యాక తన కొత్త మొహానికి మనిషి అలవాటు పడాలంటే కనీసం మూడు వారాలు పడుతోందని అందులో రాశాడు. ఆయన చెప్పింది మొహం సంగతి. లోకం దాన్ని బస్కీలకు అంటగట్టింది. 2010లో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం ప్రచురించిన పరిశోధనలో ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేల్చారు. ఆ ఒక్కరోజూ ఆదివారమైతే మాకు మహోపకారం.

ఇంట్లోనే: చివరి ఏకారం అవధారణార్థకం. జిమ్మును కొట్టివేయడం దాని పని. వ్యాయామం ఇంట్లో చెయ్యడం అప్రాచ్యమని మేమనడం లేదు. రాయలవారు చెయ్యలేదా?

ఆయన దినచర్య మనకు చెప్పినవాడు అష్టదిగ్గజాల్లో ఎవరూ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పేస్. రాబర్ట్ సూయెల్ 1900లో వేసిన విజయనగర చరిత్రలో ఆ రాతకు ఇంగ్లిషు అనువాదం ఉంది. ఇంకా చీకటుండగానే శ్రీకృష్ణదేవరాయలు ముప్పావు పైంటు నువ్వులనూనె తాగేవాడట. మన కొలతలో నాలుగు వందల మిల్లీలీటర్లు దాటుతుంది. అదే నూనె ఒళ్లంతా పట్టించి, మొలకు చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులెత్తేవాడు. ఆపైన కత్తి అందుకుని, నూనెంతా చెమటై కారిపోయేదాకా సాము చేసేవాడు. తర్వాత ఒక మల్లుడితో కుస్తీ. తర్వాత గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ దౌడు. ఇదంతా తెల్లవారేలోపే! ఆముక్తమాల్యద రాసిన చెయ్యి ఈ చెయ్యే. ఆ పద్యాలు ఎత్తబోయిన మనకు ఆయాసం రావడంలో వింతేముంది?

వాగ్భటుడు అష్టాంగహృదయంలో వ్యాయామం సగం బలంతోనే చెయ్యమన్నాడు. అదీ బలవంతులు, నూనె, నెయ్యి బాగా తినేవాళ్లు, చలికాలంలోనూ వసంతంలోనూ. మితిమీరితే ఏనుగును ఈడ్వబోయిన సింహంలా చెడిపోతావని బెదిరించాడు కూడా. సగం బలం ఎంతో తెలిసేదెలా? గుండెలోని ఊపిరి నోటికొస్తే అదే గుర్తని సుశ్రుతుడి మాట. రాయలవారికి నూనె నియమం సరిపోయింది, బలం సరిపోయింది, సగం దగ్గర ఆగారా అన్నదే చర్చనీయం. కుస్తీ అయ్యాక గుర్రమెక్కినవాడు సగంలో ఆగినట్టు మాకు తోచదు. వాగ్భటుడి సూత్రం ప్రజలకే గాని ప్రభువులకు కాదని సమన్వయం చెప్పుకోవాలి. ఇక శ్రీకాకుళం సీమలో, వీరఘట్టంలో పుట్టిన కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు... కానీ మూలం ఎక్కడో వదిలేశాం.

రాయలవారు గుర్రాన్ని మైదానంలో తోలారు. రామమూర్తి నాయుడు ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్నా సర్కసు గుడారంలో ఎక్కించుకున్నారు. ఎవరి నెత్తిమీదా కాదు. కార్యదర్శిగారి హాలు నేల మా పడగ్గది కప్పు. ఆయన దండీలు తీసినా, బస్కీలు తీసినా మాకు అభ్యంతరం లేదు. అవి మౌన వ్యాయామాలు. ఆయన ఏరికోరి పట్టుకున్నవి జంపింగ్ జాక్స్, బర్పీలు. పొద్దున అయిదింబావుకు మొదలు. మా ఫ్యాను రాడ్డు మీద గిన్నెలా ఒక మూత ఉంటుంది. గెంతుగెంతుకీ అది కొంచెం కొంచెం జారి, చివరికి మోటారు మీద కూర్చుని గరగరమంటుంది. స్టూలెక్కి దాన్ని పైకి తోసి బిగించడం మా ఉదయవ్యాయామం. దీనికి చప్పట్ల బొమ్మలు రావు.

నో ఎక్స్‌క్యూజెస్: అన్వయం కుదరాలంటే "ఎవరికి?" అని అడగాలి. హాలు మధ్యలో అద్దం టీపాయ్ ఉంది. గ్రంథకర్త గెంతాలంటే అది గోడవారకు వెళ్లాలి. గెంతడం అయ్యాక తిరిగి రావాలి. దానిమీది పేపర్లు, రిమోట్లు, నిన్నటి కాఫీ కప్పు ముందు తీయాలి. చాప పరవాలి, చెమట మరకలు తుడవాలి, రాగిజావ చల్లారకుండా అందించాలి. ఇవన్నీ చేసేది ఆయన ఇల్లాలు. మూలంలో ఆమె ప్రస్తావన లేదు. రాయలవారికి స్నానం చేయించడానికి ఒక బ్రాహ్మణుడు ఉండేవాడని పేస్ మరిచిపోకుండా రాశాడు. పరాయి దేశస్థుడికి కనబడిన మనిషి సొంతింటి గ్రంథకర్తకు కనబడకపోవడం మూలదోషమే గాని వ్యాఖ్యాత దోషం కాదు.

అందరికీ ఉన్నది 24 గంటలే: హేత్వాభాస. గంటల లెక్క నిజమే. అవి ఎవరి చేతిలో ఉన్నాయన్నది వేరే సంగతి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇంటిపనీ శ్రమ కిందికే వస్తుందని ఆ సూచనల్లోనే ఉంది. టీపాయ్ జరపడం కూడా లెక్కేనా అని ఆవిడ మొన్న లిఫ్టులో మా ఆవిడను అడిగారట. నవ్వుతూనే అడిగారట. మా ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు.

అలంకారం: గ్రంథకర్త మతంలో స్వభావోక్తి. మా మతంలో అతిశయోక్తి.

తాత్పర్యం

ఒకరు గెంతితే ఒక ఇల్లూ ఒక కప్పూ కలిసి కసరత్తు చేస్తున్నాయి. కార్యదర్శిగారి పట్టుదలను మేం తప్పుపట్టం; అందులో సగం టీపాయ్ జరిపినవారిదని గ్రూపులో ఒక ముక్క రాయమనే అడుగుతున్నాం. గెంతే వ్యాయామాలు టెర్రస్ మీద చేసుకోమని మూడో అంతస్తు పక్షాన మనవి. టెర్రస్ తాళంచెవి కార్యదర్శిగారి దగ్గరే ఉంటుంది.