ఒక ఫ్రీలాన్సు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. అన్ని రాయువాని నందరూ పిలుతురు
పైకమడుగ నెవరు పలుకరపుడు
ఒకటె రాయువాని నొక్కరే పిలుతురు
పైకమిచ్చి, మరల పండుగపుడు.

అవతారిక: రాతతోనే బతుకుదామని హైదరాబాదులో ఉద్యోగం మానుకొన్న ఒక శిష్యుడు "ఏదో ఒక్కదాన్నే పట్టుకోవాలా, వచ్చిందల్లా రాయాలా?" అని అడుగగా గురువుగారు ఈ పద్యం సెలవిచ్చిరి. గురువుగారికి ప్రభుత్వ పింఛను కలదు. వారి నిశ్చింతకు కారణం ఇదేనని కొందరి అభిప్రాయం.

ప్రతిపదార్థం: అన్ని = శుభలేఖ, సన్మానపత్రం, చిట్‌ఫండ్ కరపత్రం, ఎన్నికల పాట, యూట్యూబ్ స్క్రిప్టు, ఇంకొకరి ఆత్మకథ మొదలుగా గలవానిని; రాయువానిన్ = కాదనుట తెలియని రచయితను; అందరూ = బంధువులతో సహా ఎల్లరును; పిలుతురు = ఆదివారం పొద్దున్నే ఫోను చేయుదురు; పైకము అడుగన్ = 'మరి రేటు?' అని నోరు తెరవగా; అపుడు = ఆ క్షణమునందే; ఎవరు పలుకరు = వాట్సాప్‌లో నీలి టిక్కులు పడును గాని జవాబు రాదు; ఒకటె రాయువానిన్ = ఒకే విద్య గలవానిని; ఒక్కరే = ఆ పని ఉన్న ఆ ఒక్క కంపెనీవారే; పైకము ఇచ్చి = టీడీఎస్ కోసుకొని తక్కినది బ్యాంకులో వేసి; మరల = తిరిగి; పండుగపుడు = ఏ పండుగో కవి చెప్పలేదు.

తాత్పర్యం స్పష్టమే గనుక విశేషాలకు వద్దాం.

మొదటి పాదంలో ఉన్నది వ్యాజస్తుతి. స్తుతిలా వినిపిస్తుంది, లోపల నింద ఉంటుంది. "మీకిదెంత సార్, పది నిమిషాల పని" అన్న వాక్యం దీనికి లక్ష్యం. పది నిమిషాల పనికి పది నిమిషాల కూలే ఇస్తామని అందులోని ధ్వని. రచయిత పొగడ్తను గ్రహించి ధ్వనిని వదిలేస్తాడు. అతని పేదరికానికి ఆలంకారికులు చెప్పిన కారణం ఇదే.

పూర్వపక్షి ఇలా అంటాడు: ప్రత్యేకతే మేలు. కొత్త మందుల పరీక్షల్లో చేరే రోగులకు ఇచ్చే అంగీకార పత్రం తెలుగు చేయాలంటే ఊరికే తెలుగు వస్తే చాలదు. చేశాక, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. దుష్ప్రభావాల దగ్గర ఒక్క మాట జారినా అక్కడ దొరికిపోతుంది. ఇంత నిక్కచ్చిగా చేసేవాళ్ళు తక్కువ కాబట్టి వాళ్ళతో బేరాలూ తక్కువే.

ఒప్పుకొంటాం. అయితే తెలుగులో రాయించుకొని డబ్బిచ్చేవాళ్ళెవరో లెక్కపెట్టండి: యాడ్ ఏజెన్సీలు, అనువాద సంస్థలు, డబ్బింగ్, సబ్‌టైటిళ్ళు, టీవీ సీరియళ్ళు, సర్కారు పథకాల కరపత్రాలు. ఆ తర్వాత వేళ్ళు ముడవడానికి ఆలోచించాలి. గుండె జబ్బుల మీద తప్ప రాయనని కూర్చోవడం ఇంగ్లీషులో కుదరొచ్చు. తెలుగులో అలా కూర్చున్నవాడికి గుండె జబ్బు వస్తుంది.

పూర్వులను చూద్దాం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలతో, వాటిలోని డిటెక్టివ్ యుగంధర్‌తో పాఠకుల ఇళ్ళలోకి వెళ్ళాడు. ఆరుద్ర 'త్వమేవాహం' రాసిన చేత్తోనే సినిమా పాటలూ రాశాడు, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' కూడా రాశాడు. ఇద్దరూ నిలిచారు గనుక ఈ దృష్టాంతాలతో తగవు తీరదు.

తీర్చగలవాడు మల్లినాథసూరి. ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. కాళిదాసు, భారవి, మాఘుడు, శ్రీహర్షుడు, ఎవరి కావ్యం చేతికొచ్చినా ఆయన చేసిన పని ఒకటే, వ్యాఖ్యానం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే షరతు పెట్టాడు. ఈనాటి ఒప్పంద పత్రాల్లో 'స్కోప్' అని వేరే పేరా పెట్టి రాసుకొనేది దీన్నే. ఆ ఒక్క పనికీ వ్యాకరణం, అలంకారం, తర్కం, కోశాలు అన్నీ వాడుకొన్నాడు. కనుక సిద్ధాంతం: విషయాలు ఎన్నైనా ఉండనీ, చేసే పని ఒకటిగా ఉండాలి. అనువాదమైతే అనువాదం, సంభాషణలైతే సంభాషణలు. బ్యాంకు కరపత్రమూ, టీకాల కరపత్రమూ అనువాదకుడికి వేర్వేరు వృత్తులు కావు. సన్మానపత్రం మాత్రం వేరు. దాన్ని బావమరిదికి వదిలేయాలి.

ఇంకొక విశేషం. అనువాదానికి మాటకింత అని ఒప్పుకొనేటప్పుడు, లెక్క ఏ భాష మాటలదో ముందే అడగాలి. విభక్తులూ ప్రత్యయాలూ అతికించుకొని తెలుగు మాట పొడవు సాగుతుంది, మాటల సంఖ్య తగ్గుతుంది. 'వెళ్ళలేకపోయినందువల్ల' అన్నది తెలుగులో ఒక్క మాట. అదే ఇంగ్లీషులో నాలుగైదు. తెలుగు లెక్కకు ఒప్పుకొన్నవాడు మన సంధులకు తన జేబులోంచి కట్నం ఇచ్చినట్టే.

పాఠాంతరం: నాలుగో పాదానికి 'పైకమిత్తుమనుచు పండుగపుడు' అని ఇంకొక పాఠం వినబడుతోంది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. ఫ్రీలాన్సర్లందరూ దీన్నే ప్రామాణికమంటున్నారు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని నెలనెలా ఒకటో తేదీన చదివేవారికి సంపదలు కలుగునని చెప్పలేం గాని, ఇన్‌వాయిస్ పంపాలని గుర్తుకొచ్చును. దాని మీద పాన్ నంబరు వేయడం మరవకండి. అది లేకపోతే వృత్తి రుసుము మీద టీడీఎస్‌గా కోసే 10 శాతం కాస్తా 20 అవుతుంది.