నాగపట్నానికి పంపిన మూటలు

నాగపట్నంలో రోడ్డు పక్కన వానకు నానిన బట్టల గుట్టల్లో మా కాలనీ మూటలూ ఉన్నాయన్న సంగతి ఇరవై ఏళ్లు దాచాను. ఆ మూటలు కట్టించింది నేనే.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. మన నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాల్లోనూ ప్రాణాలు పోయాయి. టీవీలో చూసి తట్టుకోలేక హైదరాబాదులో మా కాలనీ అంతా ఇంటింటికీ తిరిగాను. "కట్టుబట్టలు కూడా మిగల్లేదట" అంటే కాదన్నవాళ్లు లేరు. నా బీరువా అడుగున పడివున్న చీరలు, మా అబ్బాయికి పొట్టయిపోయిన జీన్సులు, ఉన్ని స్వెట్టర్లు అన్నీ తీసేశాను. సముద్రపు ఒడ్డున ఉక్కపోతలో బతికేవాళ్లకు స్వెట్టర్లు దేనికని తట్టనే లేదు. బీరువా ఖాళీ అవుతున్నకొద్దీ మనసు తేలికపడింది. ఆ తేలికనే దయ అనుకున్నాను.

లారీతోపాటు మేమూ వెళ్లాం. అక్కరైపేట వైపు వెళ్తుంటే రోడ్డు పొడుగునా బట్టలే. బురదలో కూరుకుపోయి ఉన్నాయి, పశువులు తొక్కుతున్నాయి. ఎక్కడ దించమంటారని డ్రైవరు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. అక్కడున్న ఒకావిడకు నా చీర ఒకటి అందించాను. ఆమె మడత విప్పి చూసింది. అంచు చిరిగి ఉంది. దాంతో జాకెట్టు లేదు, లంగా లేదు. మళ్లీ అవే మడతల మీద మడిచి నా చేతిలో పెట్టేసింది. అక్కడివాళ్లు ఒకరి ముందు చెయ్యి చాచి బతికినవాళ్లు కారు, చేపలవేట మీద సంపాదించుకుని కొత్తబట్టలు కట్టుకున్నవాళ్లు.

ఏం కావాలమ్మా అని తమిళం తెలిసినాయన చేత అప్పుడు అడిగించాను. లారీ ఎక్కించకముందే అడగాల్సిన మాట. ఆవిడ రేవులో చేపలు వేలం పాడుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్ముకునేదట. అల్యూమినియం గంప కొట్టుకుపోయింది, పెట్టుబడి డబ్బూ పోయింది. పడవలు మళ్లీ కదిలిననాడు వేలంలో నిలబడాలంటే చేతిలో రొక్కం ఉండాలంది. మేం లారీ కిరాయికి పెట్టిన సొమ్ముతో అలాంటి ఆడవాళ్లు ఎందరో మళ్లీ గంప ఎత్తుకునేవాళ్లు.

తిరిగొచ్చి "అన్నీ అందాయి" అని చెప్పాను. ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని సర్దిచెప్పుకున్నాను గానీ, కాపాడుకున్నది నా పరువే. నా అబద్ధం వల్ల ఆ తర్వాత తుఫాను వచ్చినా, వరద వచ్చినా మా కాలనీలో అవే మూటలు కట్టారు.

దాతలకు కంటికి కనిపించేది ఇవ్వాలని ఉంటుంది. సునామీ తర్వాత ఫైబరు పడవలు అలాగే వచ్చిపడ్డాయి, పక్కన దాత పేరు రాయించుకోవచ్చు కదా. తమిళనాడు తీరంలో చాలాచోట్ల మునుపటికంటే పడవలు ఎక్కువైపోయాయి, సముద్రంలో చేపలు మాత్రం పెరగలేదు. ఉప్పునీరు నిలిచి పొలాలు చెడితే పని పోయిన దళిత కూలీల దాకా ఆ సాయం సరిగా చేరనేలేదు.

మేం పారేసి వచ్చినవాటిలాంటి గుట్టల్ని గూంజ్ సంస్థ ఏరి, వాడుకలోకి తెచ్చిందని తర్వాత తెలిసింది. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టిన సంస్థ అది. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్లు పాత నూలుబట్టను ఉతికి, కత్తిరించి నెలసరి గుడ్డలుగా కుట్టిస్తారు. ఊరివాళ్లు బావి తవ్వుకుంటేనో, దారి బాగుచేసుకుంటేనో ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలిస్తారు. ఇచ్చేది పాతబట్టే అయినా ఏ పని కావాలో ఊరే తేల్చుకుంటుంది. నాకు తట్టనిది అదే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా కాలనీలో మళ్లీ బీరువాలు తెరిచారు. నేను ముందు అక్కడివాళ్లకు ఫోన్ చేశాను. ఇళ్లనిండా బురద ఉంది, ఫినాయిలు, చీపుర్లు కావాలన్నారు. నీళ్లలో నానిన ఆటోలు బాగుచేయించుకోడానికి డబ్బు సర్దితే చాలన్నారు.

"డబ్బిస్తే తాగేస్తారండీ" అన్నారు ఎదురింటాయన. నాగపట్నం సంగతి దాచకుండా చెప్పాను. పేదలకు నగదు ఇస్తే తాగుడు పెరుగుతుందన్న మాట నిలవదని, ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో జరిగిన అధ్యయనాలు కూర్చి చూసిన ప్రపంచబ్యాంకు ఆర్థికవేత్తలు తేల్చారనీ చెప్పాను. ఆయన మనసు మారలేదు. మిగతావాళ్లం పోగుచేసిన డబ్బు ఆ కుటుంబాల ఖాతాల్లోకే పంపాం. దేనికి ఖర్చుపెట్టారో లెక్క అడగలేదు.