ఇంటికో టవరు, అద్దె ఎవరికి?

ఇంట్లో సిగ్నల్ రాకపోతే టవరును తిట్టుకుంటూ కూర్చోవడం పాత పద్ధతట. ఇంట్లోనే ఓ బుల్లి టవరు పెట్టేసుకోవడం కొత్త పద్ధతట. దాన్ని ఫెమ్టోసెల్ అంటారు. మిఠాయి డబ్బా అంత ఉంటుంది. టీవీ పక్కన పెట్టి ప్లగ్గు తగిలిస్తే లైటు వెలుగుతుంది, ఇల్లంతా నిండుగా సిగ్నల్ పరుచుకుంటుంది. విశాఖ మధురవాడ ఐటీ కొండ మీద ఉద్యోగం చేసుకుంటూ, చలికాలం రాగానే అరకు కాఫీ కోసం ఘాటు రోడ్డెక్కే మేధావులు కొందరుంటారు. దారి తప్పో, ఉత్సాహం ఎక్కువయ్యో ముంచింగిపుట్టు దాకా వచ్చి, ఫోనులో గీతలన్నీ మాయమవగానే వాళ్లకు ఈ పెట్టె గుర్తొస్తుంది. "పాపం, వీళ్లకెవరూ చెప్పలేదా? చాలా సింపుల్ కదా!" అంటారు. అంత జాలి పడేవాళ్లను చూస్తే మనకే జాలేస్తుంది.

పెట్టె మహిమ కాస్త తీరిగ్గా చెప్పుకోవలసిందే. అది తనంతట తాను సిగ్నల్‌ను పుట్టించదు. మీ ఫోను మాటను గాలిలో అందుకుని, మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ తీగలోకి తోసి, ఇంటర్నెట్ మీదుగా కంపెనీ కేంద్రానికి చేరవేస్తుంది. కరెంటు మీది. బ్రాడ్‌బ్యాండ్ మీది. పెట్టె ఖరీదూ మీదే. మరి కంపెనీ చేసేదేమిటంటే, మీరు మాట్లాడినదానికి బిల్లు వేయడం. ఇది నా వెటకారం కాదు. 2010లో అమెరికాలో ఏటీ అండ్ టీ ఈ పెట్టెను మైక్రోసెల్ పేరుతో 150 డాలర్లకు అమ్మింది. మీ ఇంట్లో, మీ పెట్టెలోంచి, మీ తీగ మీద మాట్లాడిన నిమిషాలను కూడా మామూలు ప్లానులోంచే కోసుకుంది. అలా కోయకుండా ఉండాలంటే నెలకు మరో 20 డాలర్లు కట్టమంది. కుళాయిలో నీళ్లు రావడం లేదని మొర పెట్టుకున్నవాడిని పెరట్లో నుయ్యి తవ్వుకోమని, తవ్వుకున్నాక ఆ నూతికి మీటరు బిగించినట్టుంది ఈ యవ్వారం. 2022 ఫిబ్రవరిలో కంపెనీ 3జీని కట్టేయడంతో ఆ పెట్టెలన్నీ అటకెక్కాయి.

అదే ఏ ఫోను కంపెనీ అయినా టవరును అపార్ట్‌మెంటు డాబా మీద పెడితే కథ వేరు. అగ్రిమెంటు రాస్తుంది, అడ్వాన్సు ఇస్తుంది, నెలనెలా అద్దె చెల్లిస్తుంది. డాబా మీద ఉన్నంతసేపూ మీరు ఇంటి ఓనరుగారు. అదే పని చేసే పెట్టె మెట్లు దిగి మీ హాల్లోకి వచ్చిందా, మీరు కస్టమరు. మధ్యలో ఉన్నవి రెండంతస్తుల మెట్లే.

సరే, ఈ పెట్టెను ముంచింగిపుట్టుకు తీసుకొద్దాం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు దాటి, పెదబయలు దాటి, ఒడిశాను ఆనుకుని ఉన్న మండలమిది. లోపలి గూడేల్లో ఏదో ఒక ఇంట్లో పెట్టెను పెట్టాం. ప్లగ్గు తగిలించాం. ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ తీగ కావాలి. తీగ కావాలంటే కంపెనీకి ఫోను చేయాలి. ఫోను చేయాలంటే సిగ్నల్ కావాలి. సిగ్నల్ కోసమే కదా పెట్టె! తీగ వచ్చిన ఊళ్లకు టవరు ఎటూ ముందే వచ్చి ఉంటుంది. టవరే రాని ఊరికి తీగ లాగే ధర్మాత్ముడు ఇంకా పుట్టలేదు. ఉన్నవాడికి మరికాస్త పెట్టడం మన ఆచారం కాబట్టి ఈ పెట్టె మనకు బాగానే నప్పుతుంది.

అసలు ఇది గోడల కోసం పుట్టిన పెట్టె. కాంక్రీటు, అందులో ఇనుప ఊచలు, ఎండ రాకుండా లోహపు పూత పూసిన అద్దాలు, ఇలాంటివి తరంగాలను ఆపేస్తాయి. కిటికీ అవతల సిగ్నల్ ఉంటుంది, సోఫా దగ్గర ఉండదు. అక్కడ పెట్టె పెట్టారంటే అర్థముంది. గూడెంలో గోడ మట్టిది, కప్పు పెంకులది. ఆ ఇల్లు సిగ్నల్ కోసం తలుపులు బార్లా తీసుకునే కూర్చుంది, రావలసిన చుట్టమే కొండ అవతల ఆగిపోయాడు. ఇక అభివృద్ధి పేరుతో పెంకులు దించి ఇనుప రేకులు ఎక్కించిన ఇళ్లుంటాయి. అక్కడ ఎప్పుడైనా దారి తప్పి ఓ గీత వచ్చినా రేకు మీదే జారిపోతుంది. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నిబంధనలు తెచ్చింది. ఏ భవనంలో ఫోను ఎంత బాగా పలుకుతుందో చూసి నక్షత్రాలు ఇస్తారు. మా గూడేల్లో నక్షత్రాలకు కొరత లేదు. కరెంటు పోయిన రాత్రి బయటికొచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

అయినా ఇంట్లో బేస్ స్టేషన్ అన్న ఆలోచన మన్యానికి ఎవరో వచ్చి నేర్పాలా? సిగ్నల్ ఏ మూల దొరుకుతుందో ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు. చూరులో ఫలానా వాసం పక్కన, అదీ ఉత్తరం వైపు తిప్పి పెడితే ఒక గీత. అక్కడే ఫోనును తాడుతో కట్టేస్తారు. కదిలిస్తే టవరు పోతుంది. మోగితే వెళ్లి దాని కింద నిలబడి, స్పీకరు పెట్టి, మెడ ఎత్తి మాట్లాడాలి. ఇంటి గుట్టంతా వీధికి తెలుస్తుంది, అది వేరే సంగతి. మరొకచోట కుర్రాళ్లు పనసచెట్టు కొమ్మకు ఒక ఫోను కట్టి, హాట్‌స్పాట్ వేసి, చెట్టు మొదట్లో కూర్చుని రెండో ఫోనులో వాట్సాప్ చూసుకుంటారు. పెట్టె లేదు, 150 డాలర్లు లేవు, పెట్టుబడి మొత్తం ఒక తాడు. పేటెంటు కార్యాలయం వాళ్లకు ఈ కొమ్మ ఎప్పుడు కనిపిస్తుందో!

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, సర్కారు మాత్రం దేశమంతా నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయన్న నమ్మకంతోనే పాలిస్తోంది. ఉపాధి హామీ పనికి 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫోటోలు తీయాలి. తీయడం చెరువు గట్టు దగ్గర, ఎక్కించడం సిగ్నల్ కొండ దగ్గర. మట్టి తవ్వినందుకు కూలి ఉంది. తవ్వామని చెప్పడానికి కొండెక్కినందుకు ఏ పద్దులోనూ కూలి లేదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలో రేషన్ బియ్యం కావాలంటే వేలిముద్ర సర్వరు దాకా వెళ్లి, అక్కడ గుర్తుపట్టబడి, క్షేమంగా తిరిగి రావాలి. బియ్యం బస్తా ఎదురుగానే ఉంటుంది, మనిషీ ఎదురుగానే ఉంటాడు, వాళ్లిద్దరినీ కలిపే సర్వరొక్కటే ఎక్కడో మబ్బుల్లో ఉంటుంది.

డోలీ సంగతి ఎత్తితే వ్యంగ్యం రాయబుద్ధి కాదు, అయినా రాస్తాను. నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి మోసుకొచ్చే ఊళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. దానికి ఫోను చేయాలంటే ముందు ఒకడు గుట్టెక్కాలి. కబురందితే బండి రోడ్డున్నంత మేర వచ్చి ఆగుతుంది. మిగతాది డోలీయే. పెట్టె ఉంటే కనీసం ఆ గుట్టెక్కే పని తప్పేది కదా అని మేధావి అడుగుతాడు. తప్పేదే, ఆ రోజు కరెంటుంటే. వానాకాలం ఈదురుగాలికి చెట్టు విరిగి తీగ మీద పడిందంటే పెట్టె లైటు ఆరిపోతుంది, దాంతో ఇంటి టవరూ పోతుంది. నొప్పులు లైన్‌మ్యాన్ వచ్చేదాకా ఆగవు.

టవర్లు రాలేదని అనను. లెక్కలన్నీ ఉన్నాయి. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల్లో 7,287 ఊళ్లకు 4జీ అని 6,466 కోట్లు ఒప్పుకుంది. 2022 జులైలో దేశం మొత్తం మీద 24,680 ఊళ్లకు 26,316 కోట్లంది. 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ తాడేపల్లిలో కూర్చుని ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు, అందులో 85 ఈ జిల్లావే. ఆ టవర్ల కింద ఉన్న ఊళ్లు నిజంగానే సంతోషించాయి, సంతోషించాలి కూడా. కానీ టవరు నిలబడటం వేరు, పలకడం వేరు. దాని వెనక తీగో, మైక్రోవేవ్ లింకో, ఉపగ్రహమో ఉండాలి. కరెంటు పోతే బ్యాటరీ ఉండాలి. అన్నీ ఉన్నా, ఎదురుగా తూర్పు కనుమల కొండ ఒకటి అడ్డంగా కూర్చుంటే ఆవలి లోయలో ఉన్నవాడికి దీపమూ కనిపించదు, మాటా వినిపించదు.

కొండకు పరిష్కారాలు చెప్పినవాళ్లు తక్కువేమీ కాదు. 2017 డిసెంబరులో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్, మన రాష్ట్రంలో 2,000 చోట్ల తీగ లేకుండా కాంతి పుంజంతో ఇంటర్నెట్ పంపిస్తామంది. కాంతికి ఎదుటి స్తంభం కనిపించాలి, దారిలో పొగమంచు ఉండకూడదు. మంచు చూడ్డానికే జనం టికెట్లు కొనుక్కుని వచ్చే కొండలివి! ఇక వైఫై కాలింగ్ ఉండనే ఉంది. 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో మొదలుపెట్టాయి. ఇంట్లో వైఫై ఉంటే ఫోను నేరుగా దాని మీదే మాట్లాడుతుంది, పెట్టెతో పనే లేదు. అంటే బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాడికి పెట్టె అక్కర్లేదు, లేనివాడికి పెట్టె పనికిరాదు. మరి ఈ పెట్టె ఎవరికోసమో మేధావిగారే చెప్పాలి. పోనీ ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టరు కొందామంటే, అనుమతి లేకుండా అది పెట్టుకోవడం నేరం. టవరు పెట్టకపోవడం మాత్రం ఏ చట్టం కిందా నేరం కాదు.

నిజానికి నాకు పెట్టె మీద పగ లేదు. మెక్సికోలో వహాకా కొండల్లో తలేయా దె కాస్త్రో అనే ఊరుంది. మన గూడేల్లాగే ఆదివాసుల ఊరు. పెద్ద కంపెనీలు లాభం లేదని అటు చూడలేదు. 2013లో రైజోమాటికా అనే సంస్థ సాయంతో ఊరివాళ్లే చిన్న బేస్ స్టేషన్ ఒకటి పెట్టుకుని, సొంత టెలిఫోను వ్యవస్థ నడుపుకున్నారు. 2016లో అక్కడి నియంత్రణ సంస్థ ఇలాంటి ఆదివాసీ నెట్‌వర్కులకు లైసెన్సు కూడా ఇచ్చింది. పెట్టె చిన్నదే, కాకపోతే ఊరిది. మనకు ఆదివాసీ ప్రాంతాల గ్రామసభల కోసం పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభకు చాలా అధికారాలు ఉన్నాయని దాని మీద ఉపన్యాసాలూ ఉన్నాయి. గాలి తరంగాలు మాత్రం వేలంలో పాడుకున్నవాళ్లవి. తమ లోయలో ఎవరూ వాడని తరంగాన్ని తాము వాడుకుంటామని గ్రామసభ తీర్మానం చేస్తే, ఆ కాగితం ఏ ఆఫీసులో పెట్టాలో కూడా ఎవరూ చెప్పలేరు.

ఈ కొండకు ఇలాంటి లెక్కలు కొత్త కాదు. మాచ్‌ఖండ్ నది మీద జోలాపుట్టు జలాశయం కట్టి, 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఊళ్లు నీళ్లలోకి వెళ్లాయి, తీగలు గూడేల నెత్తి మీదుగా మైదానానికి దిగాయి. కరెంటు ఇంటిదాకా రావడానికి చాలా గూడేలు దశాబ్దాలు కాచుకున్నాయి. అప్పుడు కూడా ఏ మేధావో వచ్చి "ఇంటికో డైనమో పెట్టుకోండి, సింపుల్!" అనే ఉంటాడు.

కాబట్టి పెట్టె తెస్తామంటే వద్దనం, తెండి. అగ్రిమెంటు మాత్రం డాబా లెక్కన రాసుకుందాం. చూరు కింద చోటు మాది గనుక నెలకింత అద్దె, ఆరు నెలల అడ్వాన్సు. తీగ పాడేరు నుంచి మీరే లాక్కురావాలి, కరెంటు మీటరు మీ పేరునే ఉండాలి. గాలికి కరెంటు పోతే జనరేటరు, డీజిలు మీ ఖర్చు. సంతకాలు గ్రామసభలో, అందరి ఎదుటా. ఆన్‌లైన్‌లో పంపితే మాకు తెరుచుకోదు, పత్రం ఎవరైనా పట్టుకుని కొండెక్కి రావాలి. వచ్చినవాడికి కూలి ఇవ్వబడదు.