నా నేరాల చిట్టా

నేను ఇన్సులిన్ సీసాను. పది మిల్లీలీటర్ల మందు, మిల్లీలీటరుకు 40 యూనిట్లు. మా వంశం 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి ఒంట్లోకి దిగింది. చెడ్డపేరు అప్పుడే మొదలైంది: సూది పడినచోట గడ్డ లేచింది. కొలిప్ అనే రసాయనవేత్త ఆ మందును మరింత శుద్ధి చేశాక, పన్నెండు రోజులకు మళ్లీ ఇస్తే షుగర్ బాగా దిగింది. తప్పు మందుది కాదు, అందులో మిగిలిన మడ్డిది. ఇప్పటి ఫిర్యాదుల్లోనూ చాలావాటికి మూలం నా గుణంలో లేదు, కొలతలో ఉందంటాను.

వాటిలో పెద్దది షుగర్ పడిపోవడం. 70 కంటే దిగితే చెమట, వణుకు, గుండెదడ, ఆపైన మాట తడబాటు. నా పనే షుగర్ దించడం. క్లోమమైతే రక్తంలో చక్కెర చూసుకుని ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది. నేను చర్మం కిందికి వెళ్లాక వెనక్కి రాను, మీరు టిఫిన్ తిన్నారో లేదో నాకు తెలియదు. సిరంజి తేడా ఇంకా ప్రమాదం. ఎర్రమూతది నాకు, నారింజమూతది 100 యూనిట్ల మందుకు. ఆ మందును ఎర్రమూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పడుతుంది! ఇక నొప్పి తెలియడం లేదని రోజూ పొట్టమీద ఒకేచోట పొడిస్తే కొవ్వు ముద్దకడుతుంది. అక్కడ నేను సరిగా ఇంకను. షుగర్ దిగలేదని డోసు పెంచుతారు. ఓరోజు అదే డోసు మంచిచోట పడితే డౌనే.

అయితే అంతా వాడేవాళ్ల పొరపాటేనా? కాదు. 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనంలో, టైప్-1 వాళ్లకు షుగర్ గట్టిగా అదుపుచేస్తే కొత్తగా కంటిపొర (రెటీనా) దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది, తీవ్రంగా షుగర్ పడిపోవడం మాత్రం దాదాపు మూడింతలైంది. బరువు పెరగడమూ నిజమే. మూత్రంలో పోయే చక్కెర ఒంట్లోనే నిలుస్తుంది కదా. కానీ ‘ఇన్సులిన్ మొదలెడితే కిడ్నీలు పోతాయి’ అన్న మాట ఒప్పుకోను. ఏళ్ల తరబడి అదుపులేని షుగర్‌తో నెట్టుకొచ్చి చివర్లో నా దగ్గరికి వస్తారు, అప్పటికే చెడిన కిడ్నీని నా ఖాతాలో రాస్తారు. కిడ్నీ మందగిస్తే నేను ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాను కాబట్టి డోసు తగ్గించాల్సి వస్తుంది. ఆ లెక్క డాక్టరుది. మీ అంతట మీరు నన్ను మానేయకండి. చేతులు వణికితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ షుగర్ చూసుకోండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.