ముడుపు

2014 అక్టోబరులో కేంద్రం డీజిలు ధర మీద అదుపు ఎత్తేసి, లీటరుకు 3 రూపాయల 37 పైసలు తగ్గించింది. ఐదేళ్ళకు పైగా పెరగడమే తప్ప తగ్గడం ఎరగని డీజిలు అది. ఆ రాత్రే బంటుమిల్లి నుంచి మా పెదనాన్న ఫోన్ చేశాడు. "ఒరే, బంకు వాడు చిల్లర వెనక్కిచ్చాడ్రా!" అన్నాడు. ఆ గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది.

రొయ్యల చెరువు చేసేవాడికే ఆ మూడు రూపాయల విలువ తెలుస్తుంది. వనామి రొయ్యకి మేత ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు, గాలి ఆగితే గంట కూడా ఆగదు. పగలు నీటిలో ఉండే ఆక్సిజన్ పొద్దుగూకాక తరుగుతూ తరుగుతూ తెల్లవారుజాముకి అడుగంటుతుంది. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుండాలి. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. జనరేటర్‌కి డీజిలు కావాలి. నీళ్ళు తోడే ఆయిల్ ఇంజనుకీ అదే, సరుకు ఐసులో పెట్టి తీసుకుపోయే లారీకీ అదే. కృష్ణా డెల్టా చివరి ఊళ్ళలో వరి చేలు చెరువులయ్యాక మా వాళ్ళ బతుకులు నీళ్ళ మీద ఎంత ఆధారపడ్డాయో, డీజిలు మీదా అంతే ఆధారపడ్డాయి.

పెదనాన్న అదే ఊపులో హ్యూస్టన్‌లో ఉన్న అన్నయ్యకీ ఫోన్ చేశాడు. "మంచిదే నాన్నా" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడట. "వాడికి మన ఇక్కట్లు ఏం తెలుస్తాయిలే" అంది దొడ్డమ్మ.

వాడికి తెలుసు. అన్నయ్య హ్యూస్టన్‌లో డ్రిల్లింగ్ ఇంజినీరు. కృష్ణా గోదావరి బేసిన్‌లో రిలయన్స్‌కి గ్యాస్ పడిందని 2002లో పేపర్లు పతాక శీర్షికలు పెట్టినప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇక కోస్తా అంతా చమురే, గ్యాసే అని అందరం నమ్మాం. మెకానికల్ చదివి, టెక్సాస్‌లో పెట్రోలియంలో ఎంఎస్ చేశాడు. అందుకోసం పెదనాన్న రెండెకరాలు తాకట్టు పెట్టాడు. ఉద్యోగం వచ్చాక వాడే వాటిని విడిపించాడు.

2014 జూన్‌లో పీపా 115 డాలర్లున్న బ్రెంట్ ముడిచమురు ఆ నవంబరు నాటికే బాగా పడింది. 27న వియన్నాలో కూర్చున్న ఒపెక్ దేశాలు ఉత్పత్తి తగ్గించేది లేదన్నాయి. 2016 జనవరికి ధర 30 డాలర్ల కిందికి జారిపోయింది. ష్లంబర్జర్ లాంటి కొండంత కంపెనీయే 2015 మొదటి నాలుగు నెలల్లో 20 వేల ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. ఇక చిన్నాచితకా కంపెనీల సంగతి చెప్పేదేముంది? అన్నయ్య పనిచేసే చోట మొదట ఓవర్‌టైం పోయింది, తర్వాత జీతంలో కోత పడింది, 2016 ఫిబ్రవరిలో ఉద్యోగమే పోయింది.

ఉద్యోగం పోయిన హెచ్1బీ వాళ్ళకి ఇప్పుడు 60 రోజుల గడువుంది. అది వచ్చింది 2017 జనవరిలో. అన్నయ్య నాటికి అదీ లేదు. ఆఖరి పనిదినంతోటే అక్కడ ఉండే హక్కూ అయిపోయినట్టే. కారు వచ్చిన ధరకి ఇచ్చేశారు. ఇంటి లీజు మధ్యలో వదిలేసినందుకు డబ్బు కట్టారు. వదిన తన గ్రైండర్‌ని మాత్రం అమ్మలేక పక్కింటి తెలుగు వాళ్ళ దగ్గర పెట్టి, "మళ్ళీ వచ్చాక తీసుకుంటా" అంది. రెండు నెలలకు ఆ పక్కింటాయన ఉద్యోగమూ పోయింది.

పిల్లలు పైచదువుకి అమెరికా వెళ్తుంటే మనం కార్లు కట్టించుకుని శంషాబాద్ దాకా వెళ్ళి సాగనంపుతాం. దండలు వేస్తాం, ఫొటోలు దిగుతాం. తిరిగొచ్చినవాడితో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరికీ తెలియదు. "సెలవా?" "ఎన్నాళ్ళుంటావు?" "ఎప్పుడు వెళ్తున్నావు?" ఈ మూడే ప్రశ్నలు, పెళ్ళి పందిట్లో, పాలకేంద్రం దగ్గర, చివరికి కర్మకాండ భోజనాల్లో కూడా. అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కానీ ఆ ప్రశ్న విన్నప్పుడల్లా అన్నయ్య మొహం ఎలా అయ్యేదో నేను దగ్గరుండి చూశాను. పని పోయినవాడికి పరామర్శ దక్కకపోతే పోయె, నిలదీత ఎందుకు? వాడు పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాడు. పగలంతా లాప్‌టాప్ ముందు కూర్చుని దరఖాస్తులు పెట్టేవాడు. అటునుంచి జవాబు వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే పెదనాన్నకి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. జిల్లా పేజీ, రొయ్యల ధరలు తప్ప పేపర్లో ఇంకేమీ చూడని మనిషి, వ్యాపారం పేజీ తిప్పడం మొదలెట్టాడు. రెండు రోజులకోసారి నాకు ఫోన్. "ఒరే, ఆ బ్రెంటు ఎంతుందో చూసి చెప్పరా." చెరువు ఖర్చు లెక్క కోసమే అనుకున్నాను నేను.

ఒకసారి ఆయనకి విడమరిచి చెప్పాను కూడా. "ముడిచమురు నాలుగో వంతుకి పడిపోతే బంకులో అంత ఎందుకు తగ్గలేదో తెలుసా పెదనాన్నా? 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజు సుంకం పెంచింది. డీజిలు మీద లీటరుకు 13 రూపాయల 47 పైసలు అలా పోయాయి." నాకు నిజంగానే కడుపు మండింది, ఇప్పటికీ మండుతుంది. ధర పడితే వచ్చిన నష్టం అన్నయ్య ఉద్యోగం రూపంలో మా ఇంటికి పూర్తిగా వచ్చింది. లాభం మాత్రం దారిలోనే ఆగిపోయింది.

బస్సులో అర్ధరూపాయి దగ్గర కండక్టర్‌తో పేచీ పెట్టుకునే పెదనాన్న, "పోన్లేరా" అన్నాడు. అంతే. నాకు ఆశ్చర్యం వేసింది.

ఆ ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. పెదనాన్న, దొడ్డమ్మ మా ఇంట్లోనే దిగారు. పద్మావతి ఘాట్‌లో స్నానం చేశాక తడిబట్టలతోనే ఆయన పసుపు ముంచిన గుడ్డ ముక్క తీసి, అందులో రూపాయి బిళ్ళలు పెట్టి మూడు ముళ్ళు వేశాడు. ఇంద్రకీలాద్రి వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. కొడుకు ఉద్యోగం కోసమే అని తెలుస్తూనే ఉంది. మొక్కు బయటికి చెప్పకూడదంటారు కాబట్టి నేనూ అడగలేదు. ఆ ముడుపు వాళ్ళింట్లో దేవుడి గూట్లో, అమ్మవారి పటం వెనక ఉండిపోయింది.

2017 సంక్రాంతి వెళ్ళాక అన్నయ్య లాప్‌టాప్ మూసేసి చెరువు గట్టెక్కాడు.

రిగ్గు మీద బురద లెక్కలు రాసిన చేత్తోనే గంట గంటకీ నీటిలో ఆక్సిజన్ ఎంతుందో నోటుపుస్తకంలో రాసేవాడు. ఒక రాత్రి నేనూ ఉన్నాను. రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. ఏరియేటర్ల చప్పుడు ఆగిన క్షణంలోనే మంచం మీంచి లేచి పరుగెత్తాడు. టార్చి వెలుగులో నీటి అంచున రొయ్యలు అప్పుడే పైకి తేలుతున్నాయి. జనరేటర్ ఒకసారికి అందుకోలేదు, రెండోసారికీ అందుకోలేదు. మూడోసారి అందుకుని చక్రాలు నీళ్ళు చిమ్మడం మొదలెట్టాక గట్టు మీద చతికిలబడి, "క్యాన్‌లో ఇంకెంతుందో చూడు తమ్ముడూ" అన్నాడు. అది అడుక్కి వచ్చింది. తెల్లారేలోగా ఇంకో క్యాన్ కోసం వాడే బండేసుకుని బంకుకి పోయాడు. పిలిచి ఇచ్చిన ఉద్యోగం చేసినప్పుడు కూడా వాడు అంత గౌరవంగా కనిపించలేదు నాకు.

మొదటి రెండు పంటలు బాగానే వచ్చాయి. ఆ ధైర్యంతో పక్కన మరో ఐదెకరాలు లీజుకి తీసుకున్నాడు. 2018 వేసవిలో రొయ్యల ధర ఒక్కసారిగా కూలింది. అదే మే నెలలో బ్రెంట్ 80 డాలర్లు తాకింది. అప్పటికి బంకులో ధర రోజూ మారే పద్ధతి వచ్చింది, రోజూ పైకే. సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం వ్యాట్‌లో రెండు రూపాయలు తగ్గించినా ఊపిరి ఆడలేదు. అక్టోబరు మొదట్లో బ్రెంట్ 86 డాలర్లకు చేరింది. మా దగ్గర డీజిలు లీటరు 80 రూపాయల చుట్టుపక్కల తిరిగింది. బంకు దగ్గర జనమంతా నోటికొచ్చినట్టు తిడుతుంటే, పెదనాన్న మాత్రం బోర్డు మీది అంకె కేసి చూస్తూ నిలబడేవాడు.

హ్యూస్టన్‌లో మళ్ళీ రిగ్గులు లేచాయని కబురొచ్చింది. అన్నయ్య పాత స్నేహితుల్ని అడిగాడు. అక్కడున్నవాళ్ళనే తీసుకుంటున్నారు. రెండున్నరేళ్ళు పనికి దూరమైనవాడి కోసం మళ్ళీ వీసా పిటిషన్ వేసి రప్పించుకునే ఓపిక ఏ కంపెనీకీ లేకపోయింది.

ఆ దసరాకి పెదనాన్న పట్టుచీర కొన్నాడు. ముడుపు చెల్లించాలి, అందరూ కొండకి రావలసిందే అన్నాడు. చెరువు జీతగాడికి వదిలేసి అన్నయ్య ఇష్టం లేకుండానే వచ్చాడు. వినాయకుడి గుడి దగ్గర క్యూలో చేరి ఓం టర్నింగ్ దాకా వచ్చేసరికి మూడుసార్లు ఫోన్ మోగింది. కరెంటు పోయింది, డీజిలు పట్టుకు రమ్మంటున్నారు, బంకు వాడు పాతబాకీ తీర్చందే పోయనంటున్నాడు. అన్నయ్య ఫోన్‌లోనే బతిమాలి, ఎవరి చేతో డబ్బు సర్దించి, చెమట తుడుచుకున్నాడు.

"ఈ డీజిలు మనల్ని నిలువునా ముంచేస్తోంది నాన్నా. ఈ పంటతో లీజు చెరువు వదిలేయాలి, మన రెండెకరాలు మళ్ళీ తాకట్టుకి పోతాయి. ఇప్పుడు ఈ పట్టుచీర అవసరమా? నా ఉద్యోగం ఎలాగూ రాలేదు కదా, ఇంకేం తీరిందని ఈ ముడుపు?"

పెదనాన్న చేతిలోని పసుపు మూటని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను ఉద్యోగం అడగలేదురా. డీజిలు ధర మళ్ళీ మునుపటంత పెరగాలని మొక్కుకున్నాను. పెరిగితే నిన్ను వాళ్ళే పిలుస్తారనుకున్నాను."