పట్టీ రాసిన చెయ్యి

జడ్చర్ల దగ్గర బాదేపల్లి మార్కెట్ యార్డులో, ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా ఉండి పల్లీల రైతులకు తక్‌పట్టీలు రాసినోణ్ని నేను. తూకం, ధర, హమాలీ, కమీషన్... ఏ పైస ఎవరి జేబులోకి పోతదో నాకు తెలిసినంత మా వాడకట్టులో ఎవరికీ తెలియదని కొంత పొగరు కూడా ఉండేది. అట్లాంటి నేను ఫ్లోరైడ్ పోవాలని, ఫ్లోరైడ్‌ను ముట్టని ఫిల్టర్ కొన్న. అదీ నల్లగొండలో ఇల్లు కట్టుకొని!

మిషన్ భగీరథ నల్లా వస్తది. కానీ మిద్దె మీది ట్యాంకుకు ఎక్కేది బోరు నీళ్లే. ఫ్లోరైడ్‌కు ఒళ్లు వంగిపోయిన శివన్నగూడెం అంశాల స్వామిని చూసిన జిల్లాకు, ఆ నీళ్లు ఎముకలను ఏం చేస్తయో ఒకరు చెప్పాల్సిన పని లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ మా ఊరి పేరే పెట్టి 'నల్గొండ టెక్నిక్' అన్నది. ఇన్ని తెలిసీ, ఫోన్‌లో 'అయిదు మంచి ఫిల్టర్లు' అని ఒక వెబ్‌సైట్ చూసి, మొదటిదానికే ఆర్డర్ కొట్టిన.

వాళ్లు దాచిందేం లేదు. పైననే, తెలుగులోనే రాసిండ్రు: ఈ లింకుల ద్వారా కొంటే మాకు కొంత కమీషన్ వస్తుంది, మీకు అదనపు ఖర్చు ఉండదు. అది చదివి జాగ్రత్త పడాలె కదా! 'ఎంత నిజాయితీ!' అనుకున్న. కమీషన్ తింటనని ముందే చెప్పిండు గదా అని అడ్తిదారు చెప్పిన ధరకు ఏ రైతన్నా కండ్లు మూసుకొని తలూపుతడా? నేను ఊపిన.

ఇది నా ఒక్కడి తెలివే కాదట. (ఊరట కోసం చెప్పుకుంటున్న.) 2005లో కేన్, లోవెన్‌స్టీన్, మూర్ అనే పరిశోధకులు సీసాలో నాణేలు పోసి, ఒక సలహాదారు మాట విని విలువ అంచనా కట్టమన్నరు. అంచనా ఎంత పెరిగితే సలహాదారుకు అంత లాభం. ఆ సంగతి బయటపెట్టినప్పుడు సలహాదారులు ఇంకింత పెంచి చెప్పిండ్రు. విన్నోళ్లు తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు.

వెబ్‌సైటోళ్ల కమీషన్ లెక్క ఇట్ల నడుస్తది: లింకు చివర తోకలాగ ఒక కోడ్ ఉంటది, పంపింది ఎవరో అదే చెప్తది. 1996 నుంచి అమెజాన్ నడుపుతున్న పద్ధతిలోనైతే, ఒకసారి నొక్కినంక 24 గంటల్లోపు వేరే సరుకు కొన్నా పంపినోళ్లకు ముడుతది. సరుకు గురించి చెప్పేటోళ్లకు అమ్మేటోళ్లతో పైసల సంబంధం ఉంటే కంటికి ఆనేటట్టు చెప్పాలె, హ్యాష్‌ట్యాగుల గుంపులో, లింకుల నడుమ కలిపెయ్యొద్దని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. నేను చూసినోళ్లు కంటికి ఆనేటట్టే చెప్పిండ్రు. ధర మారదన్నదీ అబద్ధం కాదు. మారేది వరుస. కమీషన్ రాని సరుకుకు ఆ అయిదింట్ల చోటెందుకు దొరుకుతది?

మా బావమరిది వచ్చి పెట్టె తిప్పి చూసిండు. "బావా, ఇది యూవీది. క్రిములను సంపుతది గానీ ఫ్లోరైడ్‌ను తియ్యది. మనకు ఆర్‌వో కావాలె." పెట్టె పక్కన సన్నక్షరాల్లో రాసే ఉన్నది. వాపసు గడువు అప్పటికే దాటింది.

ఆర్‌వో కోసం ప్రకాశం బజార్‌కు పోయిన. ఈసారన్నా తెలివి చూపిద్దామని దుకాణదారును మొదలే అడిగిన: "దీనిమీద నీకెంత మిగులుతదన్నా?"

ఆయన నవ్విండు గానీ చెప్పలేదు. "మీది బోరా సార్, నల్లానా?" అని అడిగిండు.