పాల పాకెట్లూ, పాస్ట్ పర్‌ఫెక్టూ

మన బడుల్లో ఇంగ్లీషు గ్రామర్ చదువుకున్నవాళ్లకి ఒక చావు జన్మంతా గుర్తుండిపోతుంది. ‘ది పేషెంట్ హాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్.’ తరాలు మారాయి, వీధికో కార్పొరేట్ ఆసుపత్రి వెలిసింది. ఆ పేషెంటు మాత్రం ఇప్పటికీ డాక్టరు గుమ్మం తొక్కేలోపే పోతున్నాడు. ఆయన బతికితే పాస్ట్ పర్‌ఫెక్ట్ చస్తుంది మరి. ఆయనకు తోడు, మనం స్టేషన్‌కి చేరేలోపే వెళ్లిపోయే రైలొకటి. రైలు టైముకి బయల్దేరడం నేను చూసింది ఎక్కువగా ఆ వాక్యంలోనే.

రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంలోని రెన్ దొర నవలలు కూడా రాశాడు. 1924లో వచ్చిన ‘బో జెస్ట్’ ఆయనదే. ఎడారిలో ఒక కోట. సాయానికి సైన్యం వచ్చి చూసేసరికి లోపలివాళ్లంతా అప్పటికే చచ్చిపడి ఉంటారు. కథ రాయడానికి కూర్చున్నా పాస్ట్ పర్‌ఫెక్ట్‌ని వదల్లేదు మహానుభావుడు!

ఇప్పుడిదంతా ఎందుకంటే, మా తమ్ముడి కూతురు ఐఈఎల్‌టీఎస్ రాస్తానని విజయవాడలో మా ఇంట్లో దిగింది. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు చేతికిచ్చి, నిమిషం ఆలోచించుకోమని, ఆ పైన రెండు నిమిషాల దాకా మాట్లాడనిస్తారు. ఈ సంగతి విని మా ఆవిడ జాలిపడింది. “రెండు నిమిషాల్లో ఏం చెప్తామే? ఎవరింట్లో జరిగిందో చెప్పడానికే చాలదు.”

పిల్లకి ఎదురు కూర్చుని మాట్లాడే ఉద్యోగం నాకు పడింది. మొదటి గొడవ హాడ్‌తో. మనవాళ్లకి హాడ్ అంటే గౌరవవాచకం. మా ఆఫీసులో ఒకాయన సెలవు చీటీ ఎప్పుడు రాసినా ‘ఐ హాడ్ గాన్ టు తిరుపతి’ అనే రాసేవాడు. హాడ్ అన్నాక, దాని తర్వాత ఇంకో సంగతి జరిగి ఉండాలి. తిరుపతి వెళ్లావు, సరే, ఆ తర్వాత ఏమైంది నాయనా? పదవీ విరమణ దాకా చెప్పలేదు. ఉత్త ‘వెంట్’ అంటే తిరుపతి మహిమ తగ్గుతుందనుకున్నాడో ఏమో.

హావ్ సంగతి ఇంకోటి. అది సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడి బాపతు. ‘ఎస్టర్‌డే’ అన్న మాట చెవిన పడిందా, అలిగి వెళ్లిపోతుంది. నిన్న చూశానంటే ‘సా’ అనాలి. ఎప్పుడో చెప్పకుండా చూశానంటేనే ‘హావ్ సీన్’. ఈ మర్యాదలన్నీ పిల్ల నేర్చుకుని, అమెరికాలో ఉన్న మేనమామకి ఫోన్ చేసి ‘హావ్ యు ఈటెన్ ఆల్రెడీ?’ అంటే ఆయన ‘ఐ ఆల్రెడీ ఏట్’ అని పెట్టేశాడు. అక్కడ అలాగే నడుస్తుందిట.

ఇక ఊహించి చెప్పే పాఠం. గట్టి నమ్మకముంటే ‘మస్ట్ హావ్’, అయితే అవచ్చు అనుకుంటే ‘మైట్ హావ్’, ససేమిరా అయి ఉండదంటే ‘కాంట్ హావ్’. ‘మస్ట్ నాట్’ అంటే మార్కు పోతుందని పిల్ల భయం. పుస్తకంలో అభ్యాసానికి మంచులో అడుగుల బొమ్మ ఇచ్చారు. బెజవాడలో మంచేమిటి? “తలుపు తీసి చూడవే, బోలెడు అభ్యాసం ఉంది” అంది మా ఆవిడ.

ఎదురు ఫ్లాటు తలుపు మూసి ఉంది. ఎనిమిదయినా పేపరు గడప దగ్గరే పడి ఉంది. గొళ్లేనికి పాల సంచి వేలాడుతోంది.

“దే మైట్ హావ్ గాన్ టు దెయిర్ విలేజ్” అంది పిల్ల.

“మైటేమిటి, మస్టే. రాత్రి పదకొండింటికి సూట్‌కేసు చక్రాల చప్పుడు నేను విన్నాగా.”

“మరి పాలబ్బాయికి చెప్పి వెళ్లరా పెద్దమ్మా?”

మా ఆవిడ నాలుగడుగులు వేసి, సంచి మూతి రెండు వేళ్లతో కాస్త వెడల్పు చేసి లోపలికి చూసింది. రోజూ రెండు పాకెట్లుండే చోట నాలుగున్నాయి.

“కాంట్ హావ్ గాన్!” అంది. రెన్ దొర కూడా అంత స్పష్టంగా పలికి ఉండడు. “ఊరెళ్లేవాళ్లు పాలు ఎక్కువ వేయించుకుంటారా? సూట్‌కేసు వెళ్లలేదే, వచ్చింది.”

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఎదురింటాయన లుంగీలో, నోట్లో బ్రష్షుతో పాల కోసం బయటికొచ్చాడు.

“మీ బావమరిది వాళ్లు ఎన్నాళ్లుంటారు అన్నయ్యగారూ?” అడిగింది మా ఆవిడ.

ఆయన బ్రష్షు తీసి, “ఆదివారం దాకా... మీకెవరు చెప్పారమ్మా?” అన్నాడు.

తలుపు వేసుకున్నాక పిల్ల పట్టుకుంది. “చుట్టాలంటే సరే. బావమరిదని ఎలా తెలిసింది?”

“పాలు పురమాయించేది ఆవిడ. ఆయన తరఫు వాళ్లయితే ఒక్క పాకెట్టుతో సరిపెట్టేది.”

“ఇలాంటివాటికి మైట్ పెట్టాలి పెద్దమ్మా, మర్యాదగా ఉంటుంది.”

“ఎందుకూ? ఆయన కాదన్నాడా?”